సీసం సూది

అన్నంలో వెంట్రుక వచ్చింది. శేషగిరి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకి తీశాడు. పప్పు అంటుకున్న పొడవాటి వెంట్రుక. వంటింటి గడప దగ్గర నిలబడ్డ నాంచారి ఊపిరి బిగబట్టింది. పక్క గదిలో ప్రవల్లిక చదువుతున్న పుస్తకం టక్కున మూసింది. ఆ ఇంట్లో ఇలాంటివి జరిగినప్పుడు కంచం ముందు గోడకు తగిలేది, మిగతావన్నీ తర్వాత జరిగేవి. పెళ్ళయినప్పటి నుంచీ అదే వరస.

శేషగిరి వెంట్రుకను కంచం అంచున పెట్టి, "కాస్త మజ్జిగ పొయ్యి" అన్నాడు.

అంతే. ఇంకేమీ జరగలేదు. నాంచారి మజ్జిగ పోస్తుంటే చెంబు వణికింది. భర్త ఆమె చేతికేసి చూశాడు, ఎందుకు వణుకుతోందో అర్థమైనవాడిలా తల దించుకున్నాడు. మిగిలిన అన్నం తిని, కంచం తానే తీసుకెళ్ళి తొట్లో పెట్టాడు.

"అమ్మా, నాన్నకేమైంది?" అంది ప్రవల్లిక, ఆయన బయటికెళ్ళాక.

"సూది పనిచేస్తోందే" అంది నాంచారి. అన్నాక గానీ తన మాట తనే నమ్మలేకపోయింది.

శేషగిరి విజయవాడలో హెడ్ కానిస్టేబుల్. పుట్టింది లారీల స్టాండును ఆనుకుని ఉన్న రేకుల ఇంట్లో. తండ్రి మెకానిక్. గ్రీజు వదలడానికి చేతులు పెట్రోలుతో కడుక్కుని, ఆ చేతులతోనే కొడుక్కి ముద్దలు కలిపి పెట్టేవాడు. పోలీసు ఉద్యోగంలో చేరాక శేషగిరి సర్వీసులో సగం కూడళ్ళ మధ్య గొడుగు కింద, ఆటోల పొగా స్కూటర్ల పొగా మింగుతూ గడిచింది. నడుమ కొన్నేళ్ళు నేరాల విభాగానికి వేశారు. దొంగల చేత నిజం చెప్పించడంలో మొనగాడని పేరొచ్చింది. మళ్ళీ ట్రాఫిక్‌కు వచ్చాక, హెల్మెట్ పెట్టుకోలేదని ఒక కుర్రాణ్ణి నడిరోడ్డు మీద లాఠీ విరిగేదాకా కొట్టాడు. ఎవరో ఫోన్లో తీసిన ఆ దృశ్యం ఊరంతా తిరిగింది. సస్పెండయ్యాడు. అప్పుడే పైఅధికారి డీఎస్పీ ప్రభాకర్ పిలిచి, "ప్రయోగానికి ఒప్పుకుంటావా, విచారణకు నిలబడతావా?" అని అడిగాడు.

ప్రయోగం డాక్టర్ సులోచనది. వైద్య కళాశాల వెనక పాత భవనంలో ఆమె ప్రయోగశాల. మొదటిరోజు కుటుంబసభ్యుల్ని కూడా రమ్మంటే నాంచారి వెళ్ళింది. డాక్టరమ్మ శేషగిరి పిప్పిపన్ను ఒకటి పీకించి, పలచగా కోయించి, దీపం కింద పెట్టి చూపించింది. తెల్లటి పంటిలో బూడిద రంగు చారలు, చెట్టు మొద్దులో వలయాల్లా ఉన్నాయి.

"ఈ చారలు సీసం, అమ్మా. ఒకప్పుడు ఇంజను సాఫీగా నడవాలని పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు. అది పొగలో వచ్చింది, పిల్లల ఒంట్లో చేరింది. ఒళ్ళు దాన్ని సున్నం అనుకుని ఎముకల్లో దాచుకుంది. కొంచెం కొంచెంగా తలలోకి పంపింది" అంటూ ఆమె తన నుదుటి మీద వేలుపెట్టుకుంది. "బండికి బ్రేకు ఉన్నట్టు మనిషికి ఇక్కడ ఉంటుంది. సీసం తినేసేది దాన్నే."

"ఇప్పుడు పెట్రోల్లో కలపట్లేదుగా మేడమ్?" అన్నాడు వెనకనుంచి ఒక కానిస్టేబులు.

"ఎప్పుడో మానేశారు. ఎముకలు మానలేదుగా."

డీఎస్పీకి చూపించింది వేరు. తెర మీద రెండు గీతలు. పెట్రోల్లో సీసం పెరిగి తగ్గిన గీత ఒకటి, ఊళ్ళో హత్యలూ కొట్లాటలూ పెరిగి తగ్గిన గీత ఇంకొకటి. రెండోదాన్ని ఇరవై ఏళ్ళు వెనక్కి జరిపితే, మడతపెట్టిన చీర మీద ఇంకో మడతలా మొదటిదాని మీద సరిగ్గా కూర్చుంది.

"అయితే నేరాలు తగ్గించింది మేం కాదంటారా?" అని నవ్వాడు ప్రభాకర్.

"మీరూ తగ్గించారు. కానీ మందు ఉంటే మిగిలిందీ తగ్గుతుంది. నా సూది తలలోంచి సీసాన్ని లాగేస్తుంది, తినేసిన చోట కొత్త చిగుళ్ళు వేయిస్తుంది."

రౌడీషీటర్లకు వేసే ముందు ఎక్కువ పొగ మింగినవాళ్ళ మీద చూడాలి. అలా కొంతమంది ట్రాఫిక్ పోలీసులకు పక్షానికోసారి సూది మొదలైంది. వాళ్ళే దానికి సీసం సూది అని పేరు పెట్టుకున్నారు.

వెంట్రుక రోజు తర్వాత నాంచారి ఇంట్లో కొన్ని నెలలు బాగా గడిచాయి. అంత బాగా ఆమె జీవితంలో ఎన్నడూ గడవలేదు. శేషగిరి పొద్దున్నే లేచి కాఫీ పెట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో పాలు పొంగించి స్టవ్వంతా పాడుచేసేవాడు. తండ్రి బూట్ల చప్పుడు వింటేనే గదిలోకి తప్పుకునే ప్రవల్లిక, ఒకరోజు ఆయన స్కూటరెక్కి కాలేజీకి వెళ్ళింది. క్వార్టర్స్‌లో పక్కింటావిడ, "మీ ఆయనకు వేసిన సూది మా ఆయనకూ వేయించవే నాంచారీ" అని నవ్వుతూ అంది. అన్నాక ఆమె కళ్ళల్లో మాత్రం నవ్వు లేదు.

ఒక సాయంత్రం ఆయన నాంచారి కనుబొమ మీది మచ్చను వేలితో తడిమాడు.

"ఇది నేనేనా?"

"పాతది లెండి."

"ఎప్పుడు?"

"వదిలెయ్యండి ఇప్పుడు."

శేషగిరి వదల్లేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని అడగడం మొదలుపెట్టాడు. ప్రవల్లిక చిన్నప్పుడు నత్తిగా మాట్లాడింది తనవల్లేనా అన్నాడు. లాఠీతో కొట్టిన కుర్రాడి ఇంటికెళ్ళి చేతులు పట్టుకుని ఏడ్చి వచ్చాడు. అన్నం తగ్గించేశాడు. చెంపలు లోపలికి పోయాయి. మనిషి మెత్తబడ్డాడని సంబరపడ్డ నాంచారికి, ఆ మెత్తదనానికి అడుగు కనబడక భయం పట్టుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ప్రవల్లిక స్నేహితురాలింటికి వెళ్ళినప్పుడు, ఆయన నాంచారిని పక్కన కూర్చోమన్నాడు.

"ఏసోబని ఒకడుండేవాడు. లారీ క్లీనరు. నాలుగేళ్ళయింది. ఎవరి మెళ్ళోనో గొలుసు తెగిందని తీసుకొచ్చాం. ప్రభాకర్ గారు అప్పుడు మా సీఐ. కొట్టమన్నారు, కొట్టాను. ఇక చాలన్నారు. అయినా కొట్టాను."

నాంచారి పక్కనున్న కిటికీ రెక్క మూసింది.

"జీపులో వేసుకుని కొండపల్లి అవతల పాత క్వారీ గుంటలో పూడ్చాం. కస్టడీలోంచి పారిపోయాడని రాసుకున్నాం. ఇంటికొచ్చి నువ్వు పోసిన దోసెలు తిన్నాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు నాంచారీ. నిజంగా ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. పొద్దున్నే జరిగినట్టు."

"వాడు దొంగతనం..."

"చెయ్యలేదు. తర్వాత అసలువాడు దొరికాడు."

వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ అరుస్తున్నాడు. నాంచారి లేచి తలుపు గడియ పెట్టింది.

"ఎవరికీ చెప్పకండి. మీకు దండం పెడతాను. మనం రోడ్డున పడతాం, పిల్ల చదువు ఆగిపోతుంది. పోయినవాడు తిరిగొస్తాడా?"

"రాడు. వాడి పెళ్ళానికి వాడు పోయాడని తెలీదు."

మర్నాడే నాంచారి ప్రయోగశాలకు వెళ్ళి డాక్టర్ సులోచన ముందు నిలబడింది.

"ఆ సూది ఆపెయ్యండమ్మా. మా ఆయన నాకు ఎట్లా ఉన్నా ఫర్వాలేదు, కొట్టినా ఫర్వాలేదు. ఇంట్లో ఉంటే చాలు."

డాక్టరమ్మ కళ్ళ కింద నల్లగా ఉంది.

"మీరు మొదటివారు కాదమ్మా. వీరాస్వామి గారు తెలుసుగా, ఏఎస్సై? పోయినవారం ఉరేసుకున్నారు. ఎందుకో ఆయన భార్య చెప్పట్లేదు. ఇంకో ఇద్దరు పాత కేసులు మళ్ళీ తెరవమని అధికారుల చుట్టూ తిరుగుతున్నారు. నేను కోపం తగ్గాలనుకున్నాను. కోపం పోయిన చోట ఏం మొలుస్తుందో ఆలోచించలేదు."

"ఆపేస్తే?"

"ఎముకల్లో ఉన్న సీసం మళ్ళీ తలలోకి వస్తుంది. కొన్ని నెలల్లో మునుపటి మనిషైపోతారు. ఆయన అడిగితే ఆపుతాను, మీరడిగితే ఆపలేను."

ఆపించాల్సిన అవసరం ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు. ఆ వారంలోనే డీఎస్పీ ప్రభాకర్ మఫ్టీలో ఇంటికొచ్చాడు. నాంచారి ఇచ్చిన కాఫీ నిదానంగా తాగాడు. ప్రవల్లిక ఏం చదువుతోందో, ఏ కాలేజీయో, ఏ బస్సులో వెళ్తుందో అడిగాడు. శేషగిరి కుర్చీ అంచున కూర్చుని నేలకేసి చూస్తున్నాడు.

"శేషగిరికి ఆ మందు పడట్లేదమ్మా" అన్నాడు ప్రభాకర్, కప్పు కింద పెట్టి. "జరగనివి జరిగినట్టు కలలొస్తున్నాయట కొంతమందికి. ఎవరితోనైనా చెబితే పిచ్చనుకుంటారు. చూసుకో."

మరుసటి వారం ప్రయోగం నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. మందు సీసాలున్న ఫ్రీజరును సీలు వేసి వ్యాన్లో ఎక్కించుకుపోయారు.

సీసం తిరిగి రావడం నాంచారి కళ్ళారా చూసింది. మొదట కాఫీ పెట్టడం మానేశాడు. తర్వాత ప్రవల్లిక ఫోన్లో మాట్లాడుతుంటే, "ఎవడే వాడు?" అని గదిమాడు. ఒకరోజు నీళ్ళు చల్లగా లేవని స్టీలు గ్లాసు విసిరేశాడు. అది గుమ్మానికి తగిలి దొర్లుతుంటే తన చెయ్యి తనే చూసుకుని కూలబడ్డాడు.

"వస్తోందే. తెలుస్తోంది నాకు. ఏసోబు మొహం గుర్తుంది గానీ నిన్నటంత నొప్పి లేదు. ఇంకొన్నాళ్ళు పోతే అసలుండదు. వాడు మళ్ళీ ఉత్త దొంగనాకొడుకైపోతాడు నాకు." భార్య చేతులు పట్టుకున్నాడు. "ఇప్పుడే వెళ్ళాలి నాంచారీ. కానీ జడ్జి ముందు నిలబడేసరికి మాట మార్చేస్తానేమోనని భయంగా ఉంది."

డాక్టర్ సులోచన కబురుపెట్టింది అప్పుడే. ఆమెను వేరే ఊరికి బదిలీ చేశారు. సామాను సర్దుకుంటూ నాంచారి చేతిలో చిన్న గాజుసీసా పెట్టింది.

"ఒక్కటే మిగిలింది. ఇంటి ఫ్రిజ్జులో ఉండిపోయింది కాబట్టి వాళ్ళకు దొరకలేదు. ఇది వేస్తే ఇంకో నెల ఆయన ఆయనలా ఉంటారు. వెయ్యకపోతే వానలు పడేనాటికి నోరు మూసుకుంటారు, మీ ఇల్లు నిలబడుతుంది. ఏం చేసినా నేను తప్పుపట్టను. వెయ్యాలనుకుంటే ఫోన్ చెయ్యండి, నేనే వస్తాను."

నాంచారి ఆ సీసాను ఫ్రిజ్జు తలుపులో కరివేపాకు పొట్లం వెనక పెట్టింది. పగలగొట్టి సింకులో పోసేస్తే పీడ పోతుంది. రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. చివరికి, ఏసోబు భార్య ఈపాటికి ఇంకో పెళ్ళి చేసుకునో, ఊరొదిలి వెళ్ళిపోయో ఉంటుందని తనకు తాను చెప్పుకుంది. అదే నిజమైతే భర్తకు నచ్చజెప్పవచ్చు. ఆ ఆశతోనే లారీలవాళ్ళు ఉండే ఆటోనగర్ బయల్దేరింది.

ఏసోబు భార్య రాహేలు ఊరొదల్లేదు. లారీ షెడ్ల మధ్య టీ బండి నడుపుతోంది. ముప్పై దాటని మనిషి. జుట్టు మాత్రం ముందువైపు తెల్లబడింది. నాంచారి టీ తీసుకుని బల్ల మీద కూర్చుంది. తానెవరో చెప్పలేదు. ఒంటరిగా నడుపుకుంటున్నావా అని మాత్రం అడిగింది.

"మా ఆయన ఎల్లిపోయాడమ్మగారూ" అంది రాహేలు, గ్లాసులు కడుగుతూనే. "పోలీసోళ్ళు పట్టుకుపోతే తప్పించుకుని పారిపోయాడంట. గుంటూరులో ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నాడని మా అత్త అంటది. చూసొచ్చానన్నోళ్ళు కూడా ఉన్నారు."

"నువ్వేమనుకుంటున్నావు?"

"ఏమనుకుంటాను? ఆదివారం గుడికెళ్తే అందరూ నన్నే చూస్తారు, దీన్తో ఏగలేక పోయాడని. నేనేం చేశానో నాకు తెలీట్లేదు. ఆ ముందురోజు కూర బాలేదన్నాడు, తినకపోతే పొమ్మన్నాను. అదేనా అనుకుంటా ఒక్కోసారి." చేతులు కొంగుకు తుడుచుకుంది. "రానీండి. చెప్పుతో కొడతాను. ముందు రావాలి గదా."

నాంచారి టీ తాగలేకపోయింది. ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. డాక్టరమ్మకు ఫోన్ చేసింది. సూది వేస్తుంటే శేషగిరి చెయ్యి తనే పట్టుకుంది.

నాంచారి అంతా చెప్పాక ప్రవల్లిక ఏడ్చింది, తండ్రి మీద అరిచింది, తర్వాత ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. తనకు కాఫీ పెట్టి ఇచ్చిన తండ్రిని పోగొట్టుకోవడమా, పాత తండ్రితో బతకడమా అని ఎవరూ ఆ పిల్లను అడగలేదు.

మెజిస్ట్రేట్ ముందు శేషగిరి తడబడలేదు. చెప్పడం నీ ఇష్టం, చెబితే నీ మీదే వాడతారని ఆయన హెచ్చరించి ఆలోచించుకోమన్నా, చెబుతాననే అన్నాడు. క్వారీకి తీసుకెళ్ళి చోటు చూపించాడు. తవ్వితే ముందు లుంగీ పీలిక దొరికింది, తర్వాత ఎముకలు. పరీక్షలన్నీ అయ్యాక వాటిని చిన్న పెట్టెలో పెట్టి రాహేలుకిచ్చారు. సమాధుల దొడ్లో పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నాంచారి గేటు బయటే నిలబడింది. రాహేలు తిరిగి వెళ్తూ ఆమెను గుర్తుపట్టి ఆగింది.

"ఆరోజు టీకొచ్చినప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

రాహేలు ఆమె మొహం మీద ఉమ్మేస్తుందేమో అనుకుంది నాంచారి. ఉమ్మలేదు. "నాలుగేళ్ళు తిట్టుకున్నానమ్మా ఆణ్ణి" అంది రాహేలు. అని, తోడొచ్చిన చెల్లెలి భుజం పట్టుకుని వెళ్ళిపోయింది.

శేషగిరిని జైల్లో పెట్టారు. అక్కడ సూది లేదు. ప్రభాకర్ కొన్నాళ్ళు లోపలుండి బెయిలు మీద బయటికొచ్చాడు. క్వార్టరు ఖాళీ చేయించారు. నాంచారి ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. ములాఖత్‌కు వెళ్ళిన మొదటిసారి భర్త జాలీ మీద చెయ్యి పెట్టి, పిల్ల ఎలా ఉందని అడిగాడు. తర్వాత్తర్వాత అడగడం మానేశాడు. వానలు మొదలైన నెలలో వెళితే, ఆయన కళ్ళు ఆమెకు బాగా తెలిసిన కళ్ళు.

"బుద్ధిలేనిదానా! ఏదో మందు మత్తులో వాగాను, నువ్వు దగ్గరుండి నడిపించుకుపోతావా? ఒక్క లారీ క్లీనరు గాడి కోసం నా నెత్తిన బండ వేస్తావా? బయటికి రానీ నన్ను."

విచారణ మొదలయ్యేనాటికి ఆయన తన వాంగ్మూలం అబద్ధమన్నాడు. ఎముకల చోటు వేరేవాళ్ళు చెబితే తెలిసిందన్నాడు. ఆయన తరఫు లాయరు వాదన ఒక్కటే. ఆ మాటలు శేషగిరివి కావు, ఆ మందువి. పరాయి మందు ఒంట్లో ఉండగా మనిషి చెప్పింది ఏ కోర్టూ నమ్మకూడదు. డాక్టర్ సులోచన వచ్చి, పరాయిది మందు కాదు, సీసమేనని ఎంత చెప్పినా, ఆమె ప్రయోగాన్ని ప్రభుత్వమే ఆపేసిందని లాయరు అందరికీ గుర్తుచేశాడు.

భార్యాభర్తల మధ్య జరిగిన మాటలు చెప్పనక్కర్లేదు, ఆయన ప్రవర్తన గురించి చెబితే చాలని నాంచారిని బోనెక్కించారు. ఎదురు బోనులో శేషగిరి. వెనక బెంచీ మీద రాహేలు.

"సూది వేయించుకుంటున్న రోజుల్లో నీ భర్త మామూలుగా ఉన్నాడా?" అన్నాడు శేషగిరి లాయరు.

"లేరండీ."

లాయరు తృప్తిగా జడ్జిగారి వైపు చూశాడు. "ఎలా ఉండేవాడు?"

"కాఫీ పెట్టేవారండీ. పిల్లను కాలేజీకి దింపేవారు. చేసినవాటికి ఏడ్చేవారు."

"అంటే మతి స్థిమితం లేదన్నమాట."

నాంచారి భర్త కేసి చూడకూడదనుకుంటూనే చూసింది.

"అప్పుడే ఉందండయ్యా" అంది. "ఆ కొన్ని నెలలే ఉంది."

"ఏమన్నావే?"

ఆ అరుపుకు హాలంతా ఉలిక్కిపడింది. శేషగిరి బోను కటకటాలు పట్టుకుని ముందుకు వంగాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన భుజాలు పట్టుకున్నారు. మధ్యలో లాయరున్నాడు, బల్లలున్నాయి, ఇంతమంది జనమున్నారు. ఆయన చెయ్యి ఆమెను అందుకోలేదు. ఆ సంగతి నాంచారికి తెలుసు. అయినా ఆమె మోచెయ్యి దానంతటదే లేచి మొహానికి అడ్డం వచ్చింది. తల భుజాల్లోకి కుంగింది. కళ్ళు గట్టిగా మూసుకుని దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

జడ్జిగారు రాస్తున్న కలం ఆపేశారు. లాయరు ఇంకో ప్రశ్న అడగబోయి, కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

నాంచారి మెల్లగా కళ్ళు తెరిచి చెయ్యి దించుకుంది. తనేం చేసిందో అప్పుడు తెలిసింది. ఇంటి నాలుగు గోడల మధ్య దాచుకున్నది ఇందరి ముందు పడిపోయిందని సిగ్గుతో ఆమె ఒళ్ళు కాలిపోయింది. దిగి వెళ్ళమన్నారు. మెట్టు కనబడక తూలితే, ఆసరాగా పట్టుకున్నది ఎవరా అని చూసింది. రాహేలు.

"కూర్చో" అంది రాహేలు, బెంచీ మీద కాస్త జరిగి.